నీటిగీత కింద

"పైది నాది, కిందది నీది" అన్నాడు మా ఆయన డెస్, డాక్‌లోంచి నీళ్ళు పూర్తిగా దిగీ దిగకముందే. పదిహేడేళ్ళుగా అంటున్న మాటే. అనేసి తన రంగు డబ్బాలూ సన్నకుంచెలూ మేం కాపురముండే పడవ కప్పు మీద బారుగా పేర్చుకున్నాడు. నేను రబ్బరు బూట్లు తొడుక్కుని, స్క్రేపరు పట్టుకుని, పాచిపట్టిన ఎనిమిది మెట్లూ పక్కవాటంగా దిగాను. కుడి తుంటి నొప్పి మొదలయ్యాక మెట్లు నేను అలాగే దిగుతున్నాను.

పడవ ఒంటి మీద నీళ్ళు తగిలే మేరకి ఒక గీత పడుతుంది. గీతకి పైన ఎరుపూ ఆకుపచ్చా రంగులు, పసుపు అంచులు, తలుపుల మీద గులాబీలూ కోటలూ, పక్కన పెద్ద బంగారురంగు అక్షరాలతో పేరు. అవన్నీ డెస్ వేస్తాడు. కాలవగట్టు మీద నడిచేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకుంటారు. "మీరే వేశారా?" అని అడుగుతారు. "ఏదో, నా చేతనైనంత" అంటాడు, తలొంచుకుని, ఎక్కడా లేని వినయంతో. గీతకి కింద తారు. రెండేళ్ళకోసారి పడవని డాక్‌లో పెట్టి, నీళ్ళు తీసేసి, పాచీ ఆల్చిప్పలూ తుప్పూ గోకి, కడిగి, ఆరబెట్టి, మూడు పూతలు తారు పూయాలి. పూయకపోతే ఇనుముని నీళ్ళు తినేస్తాయి. అది నా పని. దాన్ని ఇంతవరకు ఎవరూ ఫొటో తీయలేదు.

పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు ఐరిస్ నా చేతులు తిప్పి తిప్పి చూసి, "మా డెస్‌వి కళాకారుడి చేతులు. నీవి పనికొచ్చే చేతులు. ఇద్దరికీ సరిపోయింది" అంది. నేనది మెచ్చుకోలు అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ పిల్లని, మెచ్చుకోలుకి మొహం వాచి ఉన్నదాన్ని. టిప్టన్‌లో మా అమ్మ పోయాక ఆవిడ ఇల్లు నాకొచ్చింది. రెండు గదులు, వెనక బొగ్గుకొట్టు. అది అమ్మి ఈ పడవ కొన్నాం. కాగితాలు డెస్ పేరున రాయించాం, ఎందుకంటే "కాలవ ఆఫీసు వాళ్ళు మగాళ్ళతో అయితే సరిగ్గా మాట్లాడతారు" అన్నాడు. పడవకి ఆయన వాళ్ళమ్మ పేరు పెట్టాడు. మా అమ్మ ఇల్లు, వాళ్ళమ్మ పేరు. ఇంత తేలిక లెక్క నాకు తట్టడానికి పదేళ్ళు పట్టింది. తట్టాక మాత్రం నేను చేసిందేముంది? వెళ్ళి బంగాళాదుంపలు చెక్కు తీశాను.

ఈసారి నాలుగేళ్ళయింది తారు పూసి. మధ్యలో ఒకసారి డెస్‌కి నడుం పట్టేసింది. నడుం ఆయనదైనా పని నాదే కదా అని అడగలేకపోయాను, డాక్‌కి నడిపేది ఆయన కాబట్టి. పడవకి ముప్పయ్యేళ్ళు దాటాయి గనక సర్వే చేయించందే ఇన్సూరెన్సు ఇవ్వబోమని ఉత్తరం వచ్చింది. ఇన్సూరెన్సు లేని పడవని రేవులో కట్టుకోనివ్వరు. అంటే సర్వేలో నెగ్గితే మాకు ఇల్లుంది, లేకపోతే లేదు.

సోమవారం, మంగళవారం గోకాను. పాచి పీచులు పీచులుగా ఊడి బూట్ల మీద పడుతుంది. మురిగిన వాసన జుట్టులోంచి వారంరోజులు పోదు. పైనుంచి డెస్ ఈల వినిపిస్తూనే ఉంది. గులాబీ రేకులకి తెల్లరంగు దిద్దేటప్పుడు ఆయన ఈల వేస్తాడు. వెనకవైపు చుక్కాని దగ్గర గోకుతుంటే స్క్రేపరు దిమ్మకి తగిలింది. పడవ అడుగున నాలుగు మూలలా మెగ్నీషియం దిమ్మలు వెల్డింగ్ చేసి ఉంటాయి, ఇటుకంత పొడుగువి. నీళ్ళకి ఇనుము కన్నా అవి రుచి. ముందు వాటిని తింటాయి, అవి అయిపోయేదాకా ఇనుము జోలికి రావు. నాలుగేళ్ళ తరవాత చూస్తే అవి సగం కూడా మిగలకూడదు, అరిగిపోయిన సబ్బుముక్కల్లా ఉండాలి. నేను తారు గోకి చూస్తే లోపల దిమ్మ కొత్తది కొత్తదిలాగే ఉంది. అంచులు కూడా అరగలేదు. నాలుగూ అంతే. దిమ్మల్ని తినకపోతే నీళ్ళు ఈ నాలుగేళ్ళూ దేన్ని తిన్నట్టు?

దిమ్మల మీద తారు పూయకూడదు. పూస్తే నీళ్ళు వాటిని తాకలేవు, పడవ మీద పడతాయి. ఈ సంగతి నాకు తెలియకపోయుంటే నా మనసు ఇప్పుడు కాస్త తేలిగ్గా ఉండేది. తెలుసు. నాలుగేళ్ళ కిందట ఇదే డాక్‌లో, దిమ్మలు కొత్తగా వేయించినప్పుడు, ఈ డాక్ నడిపే గ్వెన్ నాకు వేలుపెట్టి చూపించి మరీ చెప్పింది. "వీటి మీద బొట్టు కూడా పడనీకు తల్లీ. ఇవి పోవడానికే ఉన్నాయి." ఆ పూటే డెస్ మెట్ల పైనుంచి వంగి చూసి, "అవేంటే పుండ్లలా? వాటిక్కూడా కొట్టు, శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. "గ్వెన్ వద్దంటోంది" అన్నాను. "గ్వెనా పడవ నడిపేది, నేనా? నీకు ఎవరేం చెబితే అదే వేదం, నేను చెప్పింది తప్ప" అన్నాడు. అప్పుడు గట్టు మీద ఎవరో ఇద్దరు నవ్వారు కూడా. నేను కుంచె ముంచి నాలుగు దిమ్మలకీ పూశాను. మూడు పూతలూ పూశాను, మూలమూలకీ అందేలా, ఒక్క చోట కూడా వదలకుండా. నా జన్మలో అంత శ్రద్ధగా నేనేదీ పూయలేదు. నీ మాటే నెగ్గనీ, తరవాత ఏమవుతుందో చూద్దువుగాని అన్న కసి ఉండింది ఆ శ్రద్ధలో. ఆ కసిలో నేను మర్చిపోయింది ఒక్కటే, ఆ పడవలోనే నేనూ పడుకుంటానని.

బుధవారం సర్వేయరు వచ్చాడు. ప్యాజిటర్ అని, సన్నగా, చిన్న సుత్తి, చేతిలో ఇనుము మందం కొలిచే యంత్రం. తట్టడం, వినడం, యంత్రం ఆనించడం, పసుపురంగు మైనపు సుద్దతో అక్కడే పడవ మీద అంకె రాయడం. ఆరు మిల్లీమీటర్లుండాలి. నాలుగుకి తగ్గితే ఇన్సూరెన్సు ఉండదు. ముందుభాగంలో అయిదుంపావు, అయిదు, నాలుగున్నర. నేను దీపం పట్టుకుని ఆయన వెనకే నడిచాను. వెనక్కి వెళ్ళేకొద్దీ ఆయన రాయడం తగ్గించి తట్టడం ఎక్కువ చేశాడు. మూడు పాయింటు ఒకటి. మూడు. చుక్కాని దగ్గర, నేలకి జానెడు ఎత్తున, రెండు పాయింటు ఎనిమిది. అక్కడ సుత్తి చప్పుడే వేరు, ఖాళీ డబ్బాని కొట్టినట్టు.

మెట్లెక్కి ఆయన డెస్‌తో చెప్పాడు. "మిస్టర్ హాడ్లీ, వెనక సగం మొత్తానికి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. అంతవరకు నేను సంతకం పెట్టలేను. దిమ్మలకి తారు పూసేశారు కదా, అదీ సంగతి." కొత్త రేకు మా స్తోమతకి అందే పని కాదని డెస్‌కీ తెలుసు, నాకూ తెలుసు. డెస్ మొహం ఎర్రగా కందింది. ప్యాజిటర్ వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. "ఇదేనండీ పూసింది. కింద పని అంతా దీనిదే. నేను చెబుతూనే ఉన్నాను, చూసి పూయవే, చూసి పూయవే అని. ఆడవాళ్ళ చేతికి తారు బకెట్టిస్తే ఏం మిగులుతుంది?" ప్యాజిటర్ తన బూట్లు చూసుకున్నాడు. గ్వెన్ అక్కడే ఉంది, గొట్టం చుట్టుకుంటూ. నా వైపు చూసింది. తను చెప్పిందని తనకి గుర్తుంది, నేను విన్నానని కూడా గుర్తుంది. ఏమని చెప్పాలి? ఆయన చెప్పమంటే చేశానని చెప్పనా, వద్దని తెలిసే చేశానని చెప్పనా? రెండూ నిజాలే. రెండిట్లో ఏది చెప్పినా నేనే తక్కువవుతాను.

ఆ సాయంత్రం బేకన్ వేయిస్తుంటే డెస్ తన ఆలోచన చెప్పాడు. అమ్మేద్దామట. రిల్‌లో సముద్రం ఒడ్డున వాళ్ళక్క నోరీన్ ఇంట్లో వెనకగది ఖాళీగా ఉంది. "అక్కకి మోకాళ్ళు పనిచెయ్యట్లేదు. నువ్వుంటే దానికీ సాయం." అంటే నాకింక ఇద్దరు. నోరీన్ సంగతి నాకు తెలుసు. టీ కప్పు అయిపోతే చెంచాతో అంచు మీద కొడుతుంది, పిలవదు. "ఎవరు కొంటారు డెస్, ఇలాంటిదాన్ని?" అన్నాను. "ఎలాంటిదాన్ని? నువ్వు శుభ్రంగా మూడు పూతలు కొట్టు. దిమ్మలు కొత్తవి వేయిస్తాను. ఆ పసుపు అంకెలు కనపడకూడదు, అంతే. నీళ్ళకింద ఎవడొచ్చి చూస్తాడు?" అన్నాడు. తరవాత నా భుజం మీద చెయ్యేశాడు. "మన వయసుకి ఇంకో దారి లేదు బెరిల్." చాలా రోజుల తరవాత పేరుపెట్టి పిలిచాడు. ఆ ఒక్క పిలుపుకి నాకు ఏడుపొచ్చింది. అది నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

గురువారం పొద్దున్నే, డెస్ రాత్రికి రాత్రే ఫోన్ చేసి పిలిచిన జంట వచ్చింది, కాలమ్, టామ్సిన్ అని. ఇద్దరికీ పాతికేళ్ళు దాటి ఉండవు. కిడర్‌మిన్‌స్టర్‌లో ఒక గది అద్దె కట్టలేక పడవ వెతుక్కుంటున్నారు. కాలమ్ డెస్ వెంట ఇంజను దగ్గరికి వెళ్ళాడు. అక్కణ్ణుంచి డెస్ గొంతు వినపడుతోంది. కాలవ మట్టం మారేచోట పడవని ఎత్తీ దించే లాకులు దాటడంలో తన అనుభవం చెబుతున్నాడు. పడవ లాకులోకి నడిపేది ఆయన, దిగి తిప్పుడుకర్రతో నీళ్ళు వదిలి, ఆ కొయ్య తలుపుని వీపుతో నెట్టేది నేను. వానలో కూడా. ఆయన చెప్పే లాకుల్లో ఆ తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. టామ్సిన్ మాత్రం ఇంజను వైపు వెళ్ళలేదు. వంటగదిలో నిలబడి, గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"బట్టలు ఎక్కడ ఆరేస్తారండీ, చలికాలం?"

పదిహేడేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "పొయ్యి మీద తాడు కట్టి" అన్నాను. "పొద్దున లేచేసరికి కిటికీల మీద నీళ్ళు కారుతుంటాయి. తుడిచి, గుడ్డ పిండి, మళ్ళీ తుడవాలి. మంచం కింద బూజు పడుతుంది."

"అదేదో నేనే తుడవాలన్నమాట" అని నవ్వింది. "కాలమ్‌కి బూజు కనపడదు. నిజంగా కనపడదండీ, కళ్ళజోడు పెట్టుకున్నా." పడవ దించేముందు పేరు మార్చుకోవచ్చా అని అడిగింది. నీళ్ళలో ఉండగా పడవ పేరు మారిస్తే కీడని కాలవ మీద అందరూ నమ్ముతారు, నమ్మనివాళ్ళు కూడా మార్చరు. "సోమవారం పన్నెండింటికి నీళ్ళు వదులుతారు. ఈలోపు మార్చుకోవాలి" అన్నాను. "అయితే సోమవారం పొద్దున్నే రంగు తెచ్చుకుని వస్తాం. అడ్వాన్సు కూడా అప్పుడే ఇచ్చేస్తాం" అంది. దిగి వెళ్ళేటప్పుడు గడప దగ్గర పాదం ఆపి, ఇంట్లోకి అడుగు పెట్టేవాళ్ళు చూసుకున్నట్టు మా గదంతా ఒకసారి చూసుకుంది.

ఆ మధ్యాహ్నం తారు మొదలుపెట్టాను. ముందునుంచి వెనక్కి, రోలరుతో, మడతల్లో కుంచెతో. పసుపు అంకెల దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి వాటి చుట్టూ తిరిగింది. మొదటి అంకె దగ్గర పొరపాటున తిరిగిందనుకున్నాను. రెండో అంకె దగ్గర, రెండో పూతలో కప్పేద్దాంలే అనుకున్నాను. చిన్న చిన్న కిటికీల్లా వాటిని వదిలేసుకుంటూ వెళ్ళాను. శుక్రవారం రెండో పూత. మళ్ళీ చుట్టూతానే. శనివారం మూడోదీ అంతే. డెస్ కిందికి దిగడు. నేలకి జానెడు ఎత్తులో ఏముందో మెట్ల పైనుంచి కనపడదు. పైనుంచే చూసి, "ఆఁ, బాగా వచ్చింది" అన్నాడు. ఈ పనికి ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారి.

ఆదివారం ఆరబెట్టాలి, పని లేదు. పని లేకపోతే ఆలోచన. నేనేం గొప్ప మనిషిని కాదు. ఆ అమ్మాయి మీద జాలితో నా బతుకు పారేసుకునేంత మంచితనం నాకుంటే, నాలుగేళ్ళ కిందట ఆ దిమ్మల మీద కుంచె పెట్టేదాన్నే కాదు. అంకెలు కప్పితే నోరీన్ వెనకగది. కప్పకపోతే ఇన్సూరెన్సు లేని పడవ, రేవులోంచి గెంటేస్తే రెండువారాలకో చోట కట్టుకుంటూ, కింద రెండూ ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుము మీద పడుకోవడం. ఏ చలికాలం ఏ రాయి తగిలి పోతుందో తెలియదు. రెండింట్లోనూ డెస్ ఉంటాడు. రెండింట్లోనూ కిటికీలు తుడిచేది నేనే. ఎటు తిరిగి ఆలోచించినా నాకంటూ మంచి జరిగే దారి ఒక్కటీ కనపడలేదు. మధ్యాహ్నం బఠానీలు ఉడకబెట్టి, మాంసం ఉండలు వేడిచేసి, ఆయనకి పెట్టి, నేనూ తిన్నాను.

సోమవారం పొద్దున మిగిలిన తారు డబ్బా, కుంచె తీసుకుని దిగాను. అంకెలు పదకొండు. ఒక్కొక్క దానికీ ఒక్క కుంచె విసురు చాలు. అయిదు నిమిషాల పని. చుక్కాని దగ్గర నిలబడి రెండూ ఎనిమిదిని చూస్తూ ఉండిపోయాను. కుంచె ముంచాను కూడా. అప్పుడే టామ్సిన్ మెట్లు దిగుతూ కనిపించింది, ఒక చేతిలో నీలంరంగు డబ్బా, ఇంకో చేత్తో గోడ పట్టుకుని. కాలమ్ పైనే ఆగాడు, డెస్ ఇచ్చిన టీ తాగుతూ.

"ఎంత నల్లగా నిగనిగలాడుతోందండీ! ఇదంతా ఎవరు వేశారు?" అంది.

పైనుంచి డెస్ అందుకున్నాడు. "మేమే తల్లీ! మూడు రోజులు చచ్చేంత పని!"

ఆ 'మేమే' అన్న మాట లేకపోతే నేనా కుంచె అంకె మీద పెట్టేదాన్నేమో. నాకు తెలియదు. "నేను వేశాను" అన్నాను. టామ్సిన్ దగ్గరికొచ్చి వంగి చూసింది.

"మరి ఈ అంకెలేంటి? ఇక్కడ వేయడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. కావాలనే వదిలేశాను." కుంచె వెనక కొసతో అంకె చూపించాను. "ఇవి ఇనుము మందం. ఆరుండాలి. నాలుగుకి తగ్గితే ఇన్సూరెన్సు ఇవ్వరు. ఇది చదువు." ఆ పిల్ల వేలు పెట్టి చదివింది. రెండూ ఎనిమిది. పక్కది మూడు. "ఇది మీరు పడుకునే మంచం కిందకొస్తుంది. దిమ్మలకి తారు పూయడం వల్ల ఇలా అయింది. పూసింది కూడా నేనే, వద్దని తెలిసి పూశాను. కొనకు తల్లీ. ఈ కాలవ మీద ఏ పడవ కొన్నా సర్వే చేయించుకోకుండా కొనకు, కాగితాల మీద నీ పేరు లేకుండా అసలు కొనకు."

టామ్సిన్ నీలంరంగు డబ్బా మూత మీద బొటనవేలితో రుద్దుతూ నిలబడింది. "మరి మీరు?" అంది చివరికి. నేను కుంచె తారు డబ్బాలో పెట్టేశాను. ఆ పిల్ల మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పైన మాటలు వినిపించాయి. కాలమ్ గొంతు, డెస్ సర్దిచెప్పే గొంతు, తరవాత కారు తలుపులు. ఆ తరవాత డెస్ వచ్చి అంచున నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఏం సాధించావే?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. "మనకి ఉన్న ఒక్క దారీ మూసేశావు. ఏం సాధించావు?"

"ఏమీ లేదు" అన్నాను. అదీ నిజమే.

"అక్కకి ఫోన్ చెయ్యాలి, ఏం చెప్పను? మా ఆవిడకి పిచ్చెక్కిందని చెప్పనా?" అంటూ ఆయన గ్వెన్ ఆఫీసులోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్న చప్పుడైంది.

పన్నెండుకి పది నిమిషాలుంది. గ్వెన్ నీళ్ళు వదిలే చక్రం దగ్గరికొచ్చి నిలబడింది. జరిగిందంతా ఆమె వినే ఉంటుంది. "పైకి వచ్చేస్తావా బెరిల్? వదలనా?" అంది.

తారు డబ్బాలో అడుగున కొంచెం మిగిలింది. నా తుంటి మీద చెయ్యి పెట్టుకుని, గోడకానించిన నిచ్చెన తీసి పడవ పక్కన వేసుకున్నాను. రెండు మెట్లెక్కాను, మూడో మెట్టూ ఎక్కాను. నీటిగీత దాటి పైకి వచ్చాను. పదిహేడేళ్ళలో ఆ గీతకి పైన నేను కుంచె పెట్టింది లేదు. బంగారురంగు అక్షరాలు, చుట్టూ ఎర్రని అంచు, ఆ పక్కన డెస్ నిన్ననే దిద్దిన గులాబీ.

"కాస్త ఆగు గ్వెన్" అన్నాను. "పేరు మార్చాలి. నీళ్ళలో దిగాక మార్చకూడదుగా."

"ఏం పేరు పెడతావు తల్లీ?"

"ఏదీ వద్దు. ఉన్నది పోతే చాలు" అన్నాను, ఐరిస్‌లో మొదటి అక్షరం మీద తారు పూస్తూ.